తెర మధ్యలో మచ్చ

ట్యాబ్ కావాలన్నది లలితకుమారి కాదు, ఆమె మణికట్టు అని భానుప్రకాష్ వేళాకోళం చేసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. లలితకుమారి తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీ లైబ్రేరియన్. పదకొండేళ్ళుగా ఏలూరు నుంచి రోజూ పాసింజరులో వెళ్ళి వస్తోంది. వెళ్ళేటప్పుడు ఓ గంట, వచ్చేటప్పుడు ఓ గంట ఆమె చదువుకునే సమయం. సీటు దొరకని రోజు ఒక చేత్తో పైకమ్మీ, ఇంకో చేత్తో లావుపాటి పుస్తకం పట్టుకుని నిలబడితే, కాలేజీకి చేరేసరికి మణికట్టు లాగేసేది.

భానుప్రకాష్ అవసరం వేరు. ఆయనది ఏలూరులోనే ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే మెడలో కెమెరా వేసుకుని కొల్లేరు దారి పడతాడు. తీసిన పక్షుల ఫోటోలన్నీ ఫోన్లో చూసుకుని, గోరంత కనిపిస్తున్నాయని బాధపడతాడు.

"నీకు చదువుకోడానికీ, నాకు ఫోటోలు చూసుకోడానికీ ఒక్కటే కొనేద్దాం. తగువొస్తే వైష్ణవి తీర్పు చెబుతుంది" అన్నాడు.

వైష్ణవి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం. తల్లిలాగే చిన్నప్పుడే సైటు వచ్చింది. తల్లిది మైనస్ పదకొండు, పిల్లది ఇప్పటికే మైనస్ ఏడు.

డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ ఆర్.ఆర్.పేటలో ఒక షాపుకి వెళ్ళారు. అక్కడ మధుబాబు అనే నలభయ్యేళ్ళ సేల్స్‌మన్ ఓపిగ్గా నాలుగు ట్యాబులు తెచ్చి అద్దాల బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఇది అచ్చంగా చదువుకోడానికేనండీ. కాగితంలా ఉంటుంది, కళ్ళకి హాయి. కాకపోతే రంగులుండవు, సార్ ఫోటోలకి పనికిరాదు. ఇది ఎనిమిది అంగుళాలు, చేతిలో తేలిక. ఇదేమో పదకొండు. బరువే గానీ రంగులు చూడండి ఎలా ఉన్నాయో. ఈ నాలుగోదానికి తెర మెరవదండీ, కిటికీ పక్కన కూర్చున్నా వెలుతురు తిరిగి కొట్టదు."

లలితకుమారి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని బరువు చూసింది. భానుప్రకాష్ ఈలోగా తన ఫోన్లోంచి ఒక ఫోటో పెద్ద ట్యాబులోకి పంపించి, ముచ్చటగా ఆమె ముందుకి జరిపాడు. ఎండిన చెట్టు మీద గూడు, గూట్లో గూడబాతు.

"చూడు, కంటి చుట్టూ ఆ పసుపు రంగు ఎంత బాగా వచ్చిందో."

లలితకుమారి చూసింది. చెట్టుంది, గూడుంది, తెల్లటి ఒళ్ళుంది. గూడబాతుకి తల లేదు. తల ఉండాల్సినచోట బూడిదరంగు మచ్చ, నూనె చేత్తో ముట్టుకున్నట్టు.

పమిట చెంగుతో తెర తుడిచింది. మచ్చ పోలేదు.

"దీని మీద మరకుందండీ" అంది మధుబాబుతో.

అతను మెత్తటి గుడ్డతో తుడిచి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూశాడు. "ఎక్కడండీ?"

"ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టబోయింది. వేలు కొస కూడా మచ్చలోకి వెళ్ళిపోయింది. చూపు రెక్క మీదికి తిప్పింది. తల వచ్చింది, రెక్క పోయింది.

"ఇంకోటి చూపించండి" అంది.

రెండోదాంట్లోనూ అంతే, మూడోదాంట్లోనూ అంతే. మెరవని తెర అన్నాడే, దాంట్లో మచ్చ ఇంకా నల్లగా కనిపించింది. నాలుగూ నాలుగు కంపెనీలవి. నాలుగింటికీ ఒకే చోట మరక పడదు. ఆ సంగతి తోచగానే ఆమెకి వీపు మీద చెమట పట్టింది. షాపులో ఏసీ ఉంది.

"ఏవీ నచ్చలేదండీ, పదండి వెళ్ళిపోదాం" అంది భర్తతో.

"అదేంటి లలితా? ఆ పెద్దది చక్కగా ఉంది కదా."

"నాకు నచ్చలేదు."

భానుప్రకాష్ మధుబాబు వైపు నొచ్చుకుంటున్నట్టు చూశాడు. "మళ్ళీ వస్తామండీ" అని బయటికి నడిచాడు.

బండి వెనక కూర్చుని ఇంటికి వస్తున్నంతసేపూ లలితకుమారి తండ్రి గురించే ఆలోచించింది. ఆయన పేరు కోదండరామయ్య. చింతలపూడి తాలూకాఫీసులో గుమాస్తా. ఆయనవీ ఇలాంటి సీసా అడుగు అద్దాలే. నలభై తొమ్మిదో ఏట చూపు మధ్యలో ఏదో అడ్డం పడింది. ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఫైళ్ళు ఏ బీరువాలో ఏ అరలో ఉంటాయో బట్టీపట్టి నెట్టుకొచ్చాడు. ఒకరోజు పదిమందీ చూస్తుండగా సంతకం కాగితం మీద కాకుండా బల్ల మీద పెట్టాడు. ఆ తరవాత పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, "కంటి వెనక పొర పోయింది, చేసేదేం లేదు" అన్నారు. అక్కణ్ణుంచి పంతొమ్మిదేళ్ళు ఆయన వీధిగదిలో కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మంలో అడుగు చప్పుడైతే చాలు, "ఎవరూ?" అనేవాడు. తొమ్మిదో తరగతి నుంచి పెళ్ళయ్యేదాకా రోజూ పేపరు చదివి వినిపించింది లలితకుమారే.

ఇప్పుడామెకి నలభై ఏడు. పైగా ఎడం కన్ను చిన్నప్పటినుంచీ మందం. దాంతో మనిషి ఆకారం తెలుస్తుంది గానీ అక్షరం తెలీదు. చదువూ, ఉద్యోగమూ, వంటా, బండీ అన్నీ కుడికంటి మీదే నడిచాయి.

ఇంటికి రాగానే భర్త అడిగాడు. "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?"

"తలనొప్పండీ" అంది.

చెబితే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అక్కడ తండ్రికి చెప్పిన మాటే తనకీ చెబుతారు. ఆ మాట చెవిన పడనంత వరకూ ఇంకా ఏమీ కానట్టే అనిపించింది ఆమెకి.

మర్నాడు తాడేపల్లిగూడెంలో మధ్యాహ్నం భోజనాల వేళ కాలేజీ నుంచి ఒక్కతే బయటపడింది. స్టేషను రోడ్డులో కొత్తగా పెట్టిన ఎలక్ట్రానిక్స్ షాపు ఒకటి ఉంది. ఏలూరు షాపులో దీపాల వెలుతురు తేడా అయి ఉండొచ్చు, లేకపోతే ఆ రోజు కళ్ళు అలిసిపోయి ఉండొచ్చు. దారిపొడుగునా ఇలాంటివే అనుకుంటూ నడిచింది.

కౌంటరు దగ్గరున్న అమ్మాయి లేచి నిలబడింది. "నమస్తే మేడమ్, గుర్తుపట్టారా? మనోజ్ఞని. మూడేళ్ళ కిందట సీఈసీ."

గొంతుని బట్టి గుర్తుపట్టింది. రోజూ లైబ్రరీలో ఫ్యాను కింద బల్ల కోసం పోటీపడే పిల్ల. మొహం సరిగ్గా చూద్దామంటే మొహమంతా ఆ మచ్చలోకి పోయింది.

"ట్యాబ్ చూద్దామని వచ్చానమ్మా. చదువుకోడానికి."

మనోజ్ఞ ఒక ట్యాబ్ తెరిచి అందులో పుస్తకం పేజీ పెట్టి ఇచ్చింది. "అక్షరం సైజు ఇక్కడ పెంచుకోవచ్చు మేడమ్."

తెల్లటి పేజీ మీద నల్లటి వరసలు. ఒక్కో వరసా మొదట్లో తిన్నగా బయల్దేరి, మధ్యకి వచ్చేసరికి పల్లంలోకి జారినట్టు కిందికి వంగి, మళ్ళీ పైకి లేస్తోంది. వంగినచోట అక్షరాలు నలిగిపోయి ఉన్నాయి. లలితకుమారి ఎడం కన్ను మూసింది. మచ్చ అక్కడే ఉంది. ఎడం కన్ను తెరిచి కుడికన్ను మూసింది. మచ్చ లేదు, అక్షరాలూ లేవు, ఉత్త మసక. ఇక అనుకోడానికేం మిగల్లేదు.

"మేడమ్" అంది మనోజ్ఞ మెల్లిగా. "మీరు పేజీని పక్కచూపుతో చూస్తున్నారు. మా అమ్మమ్మ ఇలాగే చూసేది. డాక్టరు గారికి చూపించారా?"

లలితకుమారి ట్యాబ్ బల్ల మీద పెట్టేసింది. సంచి అందుకుంది.

"కొత్త అద్దాలమ్మా, అలవాటు పడలేదు. ఈ సంగతి కాలేజీలో ఎవరితోనూ అనకు."

"అనను మేడమ్. కానీ చూపించుకోండి."

"సరే" అని వచ్చేసింది. మీ అమ్మమ్మకి తరవాత ఏమైందని అడగాలనిపించింది. అడగలేదు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. పుస్తకం తియ్యలేదు. చేబ్రోలు దాటాక కిటికీ కమ్మీల వైపు చూసింది. మధ్య కమ్మీ వంగి ఉంది, ఎవరో బొటనవేలితో నొక్కినట్టు. చెయ్యి చాచి ఆ కమ్మీని పైనుంచి కిందికి తడిమింది. చల్లగా, తిన్నగా ఉంది. చూస్తే వంకర, ముట్టుకుంటే తిన్నన. ఎదురుగా కూర్చున్నావిడ ఏమనుకుంటుందోనని చెయ్యి వెనక్కి తీసుకుని, ఏలూరు వచ్చేదాకా కళ్ళు మూసుకుంది.

ఆ వారమంతా దాచడంతోనే సరిపోయింది. లైబ్రరీలో పుస్తకాల్ని అట్ట రంగుని బట్టి పోల్చుకుంది. నంబర్లు రాయాల్సి వస్తే, "చేతిరాత బాగుంటుంది, నువ్వు రాయమ్మా" అని పుస్తకం తీసుకున్నవాళ్ళ చేతే రాయించింది. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరడం మానేసింది. పొద్దున్న లేవగానే స్నానాలగది గోడకున్న పలకల గళ్ళు చూసేది. నిన్న రెండు గళ్ళు వంగితే ఇవాళ మూడు వంగాయి. లెక్కపెట్టకూడదని అనుకుంటూనే లెక్కపెట్టేది. బయట నుంచి వైష్ణవి, "అమ్మా, ఎంతసేపు?" అని తలుపు కొడితే ఉలిక్కిపడేది. పిల్ల మొహాన ఆ మందపాటి అద్దాలు చూస్తే తన కన్ను సంగతి మర్చిపోయేది. తండ్రి దగ్గర్నుంచి తనకొచ్చింది తన దగ్గర ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

తరవాతి ఆదివారం భానుప్రకాష్ తెల్లవారకుండానే మోటారు సైకిలు మీద కొల్లేరు వెళ్ళిపోయాడు. పెదపాడు అవతల చేపల చెరువుల దగ్గర స్నేహితులతో కలిసి పక్షుల్ని లెక్కపెట్టే పని. ఎనిమిది గంటలకి ఫోను చేశాడు.

"లలితా, కెమెరా బ్యాటరీలు రెండూ బల్ల మీద మర్చిపోయాను. స్కూటరు మీద తెచ్చిపెట్టగలవా? వైష్ణవిని కూడా తీసుకురా. ఇవాళ గూడబాతులు వందల్లో దిగాయి."

రాలేనంటే ఎందుకని అడుగుతాడు. తలనొప్పి సాకు వారంలో మూడుసార్లు వాడేసింది. ఆదివారం పొద్దున్న, రోడ్లు ఖాళీగా ఉంటాయి, మెల్లిగా వెళ్దాం అని తనకి తను చెప్పుకుని తాళం చేతిలోకి తీసుకుంది. ఆ తాళం తీసుకున్నందుకు తరవాత చాలాకాలం ఆమె తనని తాను క్షమించుకోలేదు.

పెదపాడు దాకా బాగానే సాగింది. పెద్ద రోడ్డు మీద ముందు వెళ్తున్న ఆటోనే ఆనవాలుగా పెట్టుకుని దాని వెనకే నడిపింది. చెరువుల్లోకి తిరిగాక ఆటో లేదు. రెండు పెద్ద చెరువుల మధ్య మట్టిగట్టు, ఒక వ్యానూ పక్కన ఒక స్కూటరూ పట్టేంత వెడల్పు. అటూ ఇటూ నీళ్ళు, గట్టుకి ఆనుకుని. నీళ్ళ మీద ఎండ తళతళలాడుతోంది. ఎక్కడో నీళ్ళల్లోకి గాలి కొట్టే యంత్రాల చప్పుడు. గట్టు చివర, దూరంగా, మనుషులు నిలబడ్డట్టుంది.

"అదుగో నాన్నగారు" అంది వెనక నుంచి వైష్ణవి.

ఆ గట్టు తిన్నగా ఉంటుందని లలితకుమారికి తెలుసు. ఇదివరకు నాలుగైదుసార్లు వచ్చింది. ఇప్పుడు ముందు చక్రానికి పది గజాల అవతల అది కుడివైపుకి వంగి, నీళ్ళలోకి దిగి, మళ్ళీ బయటికొస్తోంది. కళ్ళని నమ్మితే బండి కుడికి తిప్పాలి. తెలిసినది నమ్మితే తిన్నగా పోనివ్వాలి. పళ్ళు బిగబట్టి తిన్నగా పోనిచ్చింది. పక్కనున్న గడ్డి అంచుని చూసుకుంటూ, ఆ అంచు ఎడంకాలికి ఎంత దూరమో లెక్క వేసుకుంటూ.

"అమ్మా, వ్యాను" అంది వైష్ణవి.

లలితకుమారికి వ్యాను కనిపించలేదు. గట్టు, నీళ్ళు, ఆకాశం, మధ్యలో బూడిదరంగు.

"అమ్మా, వ్యానొస్తోంది. ఆపు. అమ్మా!"

హారను మొహం మీదే మోగినట్టయింది. రెండు బ్రేకులూ ఒక్కసారి నొక్కేసింది. వెనక చక్రం జారింది. వైష్ణవి దూకేసింది. స్కూటరు పక్కకి ఒరిగి, ముందు చక్రం గట్టు అంచున గడ్డిలో దిగబడి ఆగింది. ఆమె ఎడంకాలు నీళ్ళలోకి మోకాలి దాకా దిగింది. మచ్చ అంచుల చుట్టూ నీలంరంగు రేకు కనిపించసాగింది. అది వ్యాను. చేపల ట్రేలు వేసుకున్న వ్యాను ఆమెకి రెండు బారల దూరంలో నిలబడి ఉంది.

డ్రైవరు దిగి పరుగున వచ్చాడు. యాభై పైబడినవాడు. ముందు స్కూటరు పట్టుకుని లాగాడు, తరవాత ఆమె చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాడు. ఆ తరవాతే అడిగాడు.

"ఏమ్మా, ఇంత బండి వస్తుంటే కనపడలేదా?"

అతని గొంతులో కోపం లేదు. మామూలుగా ఎవరైనా అనే మాటే అది.

"కనపడలేదండీ" అంది లలితకుమారి.

అతను అర్థంకానట్టు చూశాడు.

"నిజంగానే కనపడలేదు. నాకు మధ్యలో ఏమీ కనపడదు. వారం రోజులైంది. ఎవరికీ చెప్పలేదు."

ఊరూ పేరూ తెలియని మనిషికి ముందుగా చెప్పింది. మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటున్న వైష్ణవి చెయ్యి ఆగిపోయింది.

ఆ డ్రైవరు పేరు ఎలీయాజరు. అతను వ్యాను ఇంజను ఆపేసి వచ్చి, "ఇక మీరు ఎక్కకండమ్మా. బండి నేను అవతలి దాకా నడిపించుకొస్తాను, మీరిద్దరూ నా వెనకాల రండి" అన్నాడు. "చేప పాడైపోదాండీ?" అని ఆమె అడిగితే, "ఐసులో ఉంది, పావుగంటకి ఏం కాదు" అని స్కూటరు తోసుకుంటూ ముందు నడిచాడు.

తల్లీ కూతుళ్ళు వెనక నడిచారు. వైష్ణవి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొంతదూరం వెళ్ళాక అడిగింది.

"తాతగారికి వచ్చిందేనా?"

"తెలీదమ్మా."

"నాకూ వస్తుందా?"

లలితకుమారి పిల్ల మోచేతికి మిగిలిన మట్టి కొంగుతో తుడిచింది. పిల్ల మళ్ళీ అడగలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

భానుప్రకాష్ ఎదురొచ్చాడు. ఎలీయాజరు తనకి తెలిసినంతలో చెప్పి, స్కూటరు అప్పగించి వెళ్ళిపోయాడు. మిగిలింది లలితకుమారి చెప్పింది. భానుప్రకాష్ వింటూ వింటూ మెడలో కెమెరా తీసి గట్టు మీద పెట్టేశాడు.

"ఆ రోజు షాపులో తెర మీద మరకుందన్నావు, నాలుగూ నచ్చలేదన్నావు" అన్నాడు. "నీకేదో పేచీ అనుకున్నాను. మనసులో విసుక్కున్నాను కూడా." ఆమె వైపు తిరిగి, "నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతావు లలితా? వెనకాల పిల్ల ఉంది" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమెకి ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున్నే ఏలూరులో రెటీనా చూసే డాక్టరు దగ్గర కూర్చున్నారు. కంటిలో చుక్కలు వేశారు, స్కానింగు తీశారు. గళ్ళ కాగితం ఒకటి చేతికిచ్చి ఎక్కడెక్కడ వంగిందో గీయమన్నారు. లలితకుమారి గీస్తుంటే పెన్సిలు మధ్యలో కనిపించకుండా పోయింది. డాక్టరు నడివయసు ఆవిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. స్కానింగు కాగితం భానుప్రకాష్ వైపు తిప్పి చూపించింది.

"సైటు ఎక్కువున్నవాళ్ళకి కన్ను లోపల పొర సాగి పలచబడుతుందండీ. ఒక్కోసారి అక్కడ కొత్త రక్తనాళం పుట్టి కారుతుంది. మీ ఆవిడకి అదే. కంట్లో ఇంజెక్షను చేస్తే అది ఎండిపోతుంది. నెలకొకటి చొప్పున మూడు పడొచ్చు, తరవాత చూద్దాం."

"మా నాన్నగారికి చేసేదేం లేదన్నారండీ" అంది లలితకుమారి.

"అప్పుడు ఈ మందు లేదమ్మా."

"చూపు పూర్తిగా వస్తుందా?"

"ఉన్నది నిలబెట్టడానికి చేస్తాం. చాలామందికి కొంత తిరిగి వస్తుంది. మీకెంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను. ఇంకో రెండు నెలలు దాచి ఉంటే ఈ మాట కూడా చెప్పగలిగేదాన్ని కాదు."

కంట్లో సూది అన్న మాట విన్నాక లలితకుమారికి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆపరేషను గదిలో ఆకుపచ్చ టోపీ పెట్టి పడుకోబెట్టినప్పుడు, రెప్పలు మూతపడకుండా ఏదో అమర్చారు. మూసుకుందామంటే కన్ను మూతపడదు. జీవితంలో అంత భయం ఆమె ఎప్పుడూ ఎరగదు. "పైకి చూడండి, కదలకండి" అంది డాక్టరు. ఉన్న ఒక్క కంటిలోకీ సూది దిగుతోంది. కదిలితే ఏమవుతుందో అనుకోకుండా ఉండడానికి, బీరువా మొదటి అర నుంచి లైబ్రరీ పుస్తకాల పేర్లు మనసులో చదువుకుంది. నొప్పి పెద్దగా లేదు, నొక్కినట్టుంది. తరవాత చూపులో నల్లటి బుడగలు అటూ ఇటూ తిరిగాయి. అయిపోయింది, ఇక మొత్తం పోయింది అనుకుంది. నర్సు, "అవి మందుతో వచ్చిన గాలి బుడగలు, రేపటికి పోతాయి" అని భుజం తట్టింది. రేపటికి పోయాయి. ఆ ఒక్క రాత్రీ ఎలా గడిచిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఇంజెక్షను తరవాత నెలకి స్నానాలగది గోడ మీద వంపు కొంచెం తగ్గింది. తనకే అలా అనిపిస్తోందేమోనని భయపడి వారం రోజులు ఎవరితోనూ అనలేదు. రెండోదాని తరవాత స్కానింగులో కూడా తగ్గిందని డాక్టరు చెప్పింది. స్కూటరు అమ్మేశారు. భానుప్రకాష్ పొద్దున్నే స్టేషనులో దింపి, సాయంత్రం తీసుకొస్తున్నాడు.

ట్యాబ్ కొన్నది అప్పుడే, తాడేపల్లిగూడెంలో మనోజ్ఞ దగ్గర. ఈసారి లలితకుమారికి దాచుకోడానికేమీ లేదు.

"నాకు బరువు సంగతి అక్కర్లేదమ్మా. అక్షరం ఎంత పెద్దదవుతుందో చూపించు. నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు వస్తాయా? కళ్ళు అలిసిపోతే అదే చదివి వినిపిస్తుందా, తెలుగు?"

మనోజ్ఞ మూడింటిలో చదివించి చూపింది. ఒకదాని తెలుగు మరీ రైల్వే స్టేషను ప్రకటనలా ఉంది. ఇంకోటి వత్తులు మింగేస్తోంది. చివరికి మెరవని తెర ఉన్న పదకొండు అంగుళాలది తీసుకుంది. తెర మీద వరసకి నాలుగు మాటలే పడతాయి. పదకొండేళ్ళుగా గంటకి ముప్ఫై పేజీలు చదివిన మనిషికి ఇప్పుడు మూడు పేజీలు అవుతున్నాయి. భానుప్రకాష్ అందులో ఫోటోలు పెట్టి ఇచ్చాడు. ఆమె రెండు వేళ్ళతో పెద్దవి చేసుకుని, ముక్కముక్కగా, ఒక మూల నుంచి ఇంకో మూలకి చూస్తుంది.

"మీ అమ్మమ్మకి ఎలా ఉందమ్మా?" అని ఆ రోజు అడిగింది మనోజ్ఞని.

"ఆలస్యంగా తీసుకెళ్ళాం మేడమ్. వెలుతురు తెలుస్తుంది, అంతే."

మూడో ఇంజెక్షను అయ్యాక మచ్చ ఆవగింజంత మిగిలింది. అది పోదని డాక్టరు చెప్పింది. మళ్ళీ కారొచ్చు, తేడా కనిపించిన రోజే రావాలి అని కూడా చెప్పింది. కాబట్టి భయం పోలేదు. అది ఇంట్లో మనిషిలా ఉంటోంది.

ఈ మూడు నెలల్లోనూ వైష్ణవి కళ్ళు పరీక్ష చేయించుకోలేదు. డాక్టరు మొదటిరోజే తీసుకురమ్మంది. పిల్ల పరీక్షలున్నాయంది, జలుబంది, స్నేహితురాలి పుట్టినరోజంది. ఒకరోజు లలితకుమారి గదిలోకి వెళ్ళేసరికి, పిల్ల ఒక కన్ను చేత్తో మూసుకుని కిటికీ ఊచల వైపు చూస్తోంది. తల్లిని చూసి చెయ్యి దించేసి, నలకపడిందంది.

లలితకుమారి మంచం మీద పక్కన కూర్చుంది. "ఊచలు ఎలా ఉన్నాయి?"

"తిన్నగానే ఉన్నాయి" అంది వైష్ణవి. "రోజూ చూస్తున్నాను. ఏ రోజు వంగుతాయో అని."

"రేపు వెళ్దాం. లోపలికి నేను కూడా వస్తాను."

"అక్కడ ఏదైనా చెబితే?"

"చెబితే విందాం. నేను విన్నాను కదా."

మర్నాడు కంటి చుక్కలు వేయించుకుని గంటసేపు బల్ల మీద కూర్చున్నారు. లోపల చీకటి గదిలో డాక్టరు పిల్ల కళ్ళలోకి దీపం వేసి, పైకి, కిందికి, పక్కకి చూడమంటూ ఎంతోసేపు చూసింది. ఆవిడ మాట్లాడని ప్రతి నిమిషమూ లలితకుమారి కుర్చీ అంచు పట్టుకునే కూర్చుంది. చివరికి డాక్టరు దీపం ఆపింది.

"మధ్యలో శుభ్రంగా ఉందమ్మా, రెండు కళ్ళూ. ఎడంకంటి అంచున కొంచెం పలచన ఉంది. ఇప్పుడు చెయ్యాల్సిందేం లేదు. ఏడాదికోసారి చూపించండి. మెరుపుల్లాంటివి కనపడితే అదే రోజు రండి."

వైష్ణవి బయటికొచ్చి మెట్ల మీద ఆగిపోయింది. చుక్కల వల్ల ఎండ పడక కళ్ళు చికిలిస్తోంది. "ఏడాదికోసారా" అంది, సంతోషించాలో వద్దో తెలియనట్టు. లలితకుమారి కొంగు తీసి పిల్ల నుదుటి మీద నీడ పట్టింది. బస్టాపు దాకా అలాగే నడిచారు. ఒక బస్సు వచ్చి ఆగింది. బోర్డు వైష్ణవికి మసకగా ఉంది, లలితకుమారికి మధ్య అక్షరాలు లేవు.

పక్కన నిలబడ్డ పెద్దాయన్ని లలితకుమారి అడిగింది. "ఏవండీ, ఇది పవర్‌పేట మీదుగా వెళ్తుందాండీ? మా ఇద్దరికీ కనపడట్లేదు."

"వెళ్తుందమ్మా, ఎక్కండి" అన్నాడాయన.

ఇద్దరూ ఎక్కారు. ముందు లలితకుమారి, ఆమె చెయ్యి పట్టుకుని వైష్ణవి.